వీథిలో నింద, గదిలో తౌబా

మనుష్యుని నోటినుండి వెడలు నిందలలో "నీవు మావాడవు కావు" అనునంతటి క్రూరమైన నింద మఱియొకటి లేదు. దొంగయని నిందింపబడినవాడు న్యాయస్థానమునకు పోయి తన నిర్దోషిత్వమును నిరూపించుకొనగలడు. అబద్ధికుడని పేరుపడినవాడు నిజమాడి యా పేరును పోగొట్టుకొనగలడు. నీ హృదయమున దేవుడు లేడని పదుగురెదుట చాటబడినవా డేమి సాక్ష్యము తేగలడు? హృదయమును తెఱచి చూపుట యెవనికి సాధ్యము? ఇస్లాము మతమున నిట్టి నిందకు తక్ఫీరని పేరు. ముసల్మానుడనని చెప్పుకొనువానిని కాఫిరని, అనగా నవిశ్వాసియని, ప్రకటించుట యని దాని యర్థము. అట్లు ప్రకటించినవాడు కొంతకాలమునకు తన పొరపాటు నెఱిగెననుకొందము. అప్పు డాత డేమి చేయవలెను? తలుపు మూసికొని దేవుని క్షమాపణ వేడుకొనిన జాలునా? చాలదని మేము వాదింపబూనితిమి. ఈ వాదమునకు మా సొంత బుద్ధి యాధారము గాదు. ఆ మతముయొక్క ధర్మశాస్త్రమే యాధారము.

ముసల్మానులు గాని మీకీ ప్రసంగ మేలయని కొంద ఱడుగవచ్చును. కీర్తిశేషులు చిలుకూరి నారాయణరావుగారు ఖురానును తెనుగు చేసి యిచ్చిన దేశము మనది. పొరుగువాని ధర్మమును చదివి తెలిసికొనుట మనకు క్రొత్త గాదు. మఱియు వెలియనగా నేమో తెలుగు గృహస్థునకు వేఱుగ బోధింప నక్కఱలేదు. 1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీని రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగముపంతులుగారు మొదటి వితంతు వివాహమును జరిపించినపుడు, దానికి తోడ్పడినవారిని వెలివేసిరి. ప్రాయశ్చిత్తము చేసికొన్నగాని పంక్తికి రానీయమనిరి. ప్రాయశ్చిత్తము వెలియైనవానికే గాని వెలివేసినవానికి గలదని మన పెద్దలలో నెవరైన చెప్పగా మేము వినలేదు. ఇస్లాము ధర్మములో నా రెండవ ప్రాయశ్చిత్తమును గూర్చి స్పష్టమైన విధులున్నవని చదివి తెలిసికొన్ననాటినుండి వానిని మన చదువరుల యెదుట నుంచవలెనని మాకు కోరిక కలిగినది.

మొదట తక్ఫీరు వట్టి తిట్టు గాదని గ్రహింపవలెను. పూర్వపు ధర్మశాస్త్రజ్ఞుల మతము ననుసరించి, మతభ్రష్టుడని తీర్పు పడినవాని వివాహబంధము తెగిపోవును. ముసల్మానులైన బంధువుల యాస్తిలో వానికి వారసత్వము లేదు. చనిపోయిన వానికి జనాజా నమాజు లేదు, ముసల్మానుల శ్మశానములో చోటు లేదు. అనేకులు మరణదండనము గూడ విధించిరి. ఇవి యన్నియు పాత గ్రంథములలోని మాటలని త్రోసిపుచ్చుటకు వీలులేదు. 1995వ సంవత్సరమున ఈజిప్టు దేశములో కైరో విశ్వవిద్యాలయపు ఆచార్యుడు నస్ర్ హామిద్ అబూ జైదును, ఆయన గ్రంథములను బట్టి, మతభ్రష్టునిగ నెంచి న్యాయస్థానము వారు భార్యాభర్తల నెడబాపవలెనని తీర్పు చెప్పిరి. భార్య యాయనను విడువలేదు. ఇరువురును దేశమును విడిచి హాలెండునకు పోయిరి. అంతకు మూడేండ్లకు ముందు, 1992లో, ఫరజ్ ఫోదా యను రచయితను మతద్రోహి యనుచు కైరో వీథిలో కాల్చిచంపిరి. ఒక మాట పెదవిని దాటిన వెనుక నెంత దూరము పోవునో చూచితిరిగదా!

ఇట్టి మాటను గూర్చి ప్రవక్త యేమి చేసెనో చూతము. ఉసామా బిన్ జైదు ప్రవక్త పెంపుడు కుమారుని కొడుకు; ఆయనకు మిక్కిలి ప్రియుడు. ఒక యుద్ధమున శత్రువొకడు చేజిక్కి, కత్తి తలపై నాడుచుండగా, దేవు డొక్కడేయను విశ్వాసవాక్యమును పలికెను. ప్రాణభీతిచే పలికెనని తలచి ఉసామా వానిని చంపెను. సంగతి విన్న ప్రవక్త, వాని హృదయమును చీల్చి చూచితివా యని మందలించెను. ఆ మందలింపు నెన్నిమాఱులు విన్నాడనగా, తానా దినముననే క్రొత్తగా ఇస్లాము స్వీకరించియుండిన బాగుండునని ఉసామాకు తోచెనట. ఖురానులో నాలుగవ సూరా 94వ వాక్యము సయిత మీ విధమునే బోధించుచున్నది: శాంతివచనముతో నెదురైనవానిని, లోకలాభమునకై, నీవు విశ్వాసివి కావనరాదు. తోడివానిని కాఫిరని పిలిచినచో నా మాట యిద్దఱిలో నొకనిమీదికి తప్పక వచ్చి పడునని హదీసులలో హెచ్చరిక గలదు. విసిరిన ఱాయి తగులవలసినవానికి తగులకున్న విసిరినవాని నెత్తికే తిరిగివచ్చునన్నమాట.

ఇక తౌబాను విచారింతము. తౌబాయనగా మరలివచ్చుట. 13వ శతాబ్దమున సిరియా దేశమందుండిన నవవీ యను విద్వాంసుడు దీని నియమములను చక్కగా విడదీసి చెప్పెను. పాపము దేవునికిని మనుష్యునికిని నడుమనే యున్నచో మూడు నియమములు: దానిని మానుట, దానికై దుఃఖించుట, మరల చేయనని నిశ్చయించుకొనుట. పాపములో తోటి మనుష్యుని హక్కు చేఱియున్నచో నాలుగవ నియమము గలదు: ఆ హక్కును వానికి తిరిగి యిచ్చుట. సొమ్మైన సొమ్ము నీయవలెను. నిందయైన నింద పడినవానిని తృప్తిపఱచి క్షమాపణ పొందవలెను. మొదటి మూడింటిని గదిలో చేయవచ్చును. నాలుగవదానిని గదిలో చేయుట యెట్లు? అప్పు పుచ్చుకొన్నవాడు దేవాలయములో కూర్చుండి కన్నీరు కార్చిన ఋణదాత ఋణము తీఱునా? నమాజులు, ఉపవాసములు, దానములు మూటగట్టుకొని వచ్చియు, ఒకని తిట్టి, వేఱొకనిపై నింద మోపి, మఱియొకని సొత్తు తినినందున నా పుణ్యమంతయు వారికి పంచి యిచ్చి రిక్తహస్తుడగువాడే నిజమైన దివాలాకోరని ప్రవక్త చెప్పినట్లు హదీసు గలదు. తక్ఫీరు చేసి గదిలో నేడ్చువాడీ దివాలాకోరుల పట్టికలో మొదట నుండదగినవాడు.

నిందను వెనుకకు తీసికొనుటయు ప్రకటముగ జరుగవలెనా యని సందేహము గలుగును. ఖురాను రెండవ సూరాలో, సత్యమును దాచినవారిని గూర్చి కఠినముగ పలికి, తౌబా చేసి, చెడగొట్టినదానిని చక్కబఱచి, దాచినదానిని వెల్లడించినవారికి మాత్రము 160వ వాక్యమున మినహాయింపు చెప్పబడినది. మూడు పనులను మూడు మాటలలో వేఱువేఱుగ చెప్పుటను గమనింపుడు. మఱియొక నిదర్శనము గలదు. సాక్షులు చాలక వ్యభిచార దోషము నితరులపై మోపినవానికి 24వ సూరాలో ఎనుబది కొరడాదెబ్బలును, సాక్ష్యము చెల్లకుండుటయు శిక్షగా విధింపబడినవి. తౌబా చేసి చక్కబడినవారికి మినహాయింపు గలదు. ఖలీఫా ఉమరు కాలమున నట్టి నింద నిరూపింపలేక మువ్వురు శిక్ష ననుభవించిరి. తమ మాటను వెనుకకు తీసికొన్నవారి సాక్ష్యమును మరల నంగీకరింతునని ఉమరు చెప్పెను. ఇరువురు తీసికొనిరి, మూడవవాడైన అబూ బక్రా తీసికొనలేదు, అతని సాక్ష్యమును ఉమరు గైకొనలేదు. ఈ యాధారముమీదనే షాఫిఈ పండితులు, నిందకుని తౌబా యనగా తన నింద యసత్యమని తన నోటనే చెప్పుటయని నిర్ణయించిరి. సత్ప్రవర్తనమే చాలునని మాలికు మున్నగువా రనిరి. మేము షాఫిఈల పక్షము వహింతుము. దేహముపై మోపిన నిందకే యింత విధియున్నపుడు, విశ్వాసముపై మోపిన నింద కింతకంటె తక్కువ యెట్లగును?

ఇందుకు ప్రతిపక్షులు చెప్పు కారణములు మూడు గలవు. వానిని వరుసగ పరీక్షింతము.

విద్వాంసుడు తప్పొప్పుకొన్నచో జనులకు విద్వాంసులమీద గౌరవము తగ్గునని మొదటి కారణము. ఈ మాట మా పాఠశాలలలోను వినుచున్నాము; ఉపాధ్యాయుడు నల్లబల్లపై తప్పు వ్రాసి దిద్దుకొన్న పిల్లలు లోకువ చేయుదురని భయపడువారు కలరు. ఇరువదేండ్లకు పైగా పాఠములు చెప్పిన మా యనుభవ మిందుకు విరుద్ధము. దిద్దుకొన్న ఉపాధ్యాయుని పిల్లలు నమ్ముదురు. తప్పును తుడిచి యేమియు నెఱుగనట్లు నటించినవానిని నమ్మరు. ఉమరు తన న్యాయాధిపతికి వ్రాసినట్లు ప్రసిద్ధమైన లేఖలో, నిన్న చెప్పిన తీర్పు నేడు సత్యమునకు మరలుటకు నీకడ్డము గారాదని యుపదేశించెను. 10వ శతాబ్దమున బాగ్దాదునందు జీవితము ముగించిన అబుల్ హసన్ అష్అరీ మతవాదములలో కాకలు తీఱిన యోధుడు. మరణశయ్యపై నాయన శిష్యుని పిలిచి, ఖిబ్లావైపు తిరిగి ప్రార్థించువారిలో నెవనిని తాను కాఫిరనుట లేదనియు, అందఱును నొక్క దేవునే యుద్దేశించుచున్నారనియు, భేదమంతయు మాటలలోనిదే యనియు సాక్షిగ నుండుమని కోరినట్లు ఆయన చరిత్రను వ్రాసినవారు చెప్పుదురు. సాక్షిని పిలుచుటను చూడుడు. గదిలో చెప్పుకొన్న చాలునేని సాక్షితో పనియేమి? దీనిచేత అష్అరీ గౌరవము వెయ్యేండ్లలో వీసమంతయు తగ్గలేదు.

సదుద్దేశముతో పొరపడినవానికి దోషము లేదని రెండవ కారణము. ఇందు కొంత సత్యము గలదు. హాతిబను ననుచరుడు మక్కావారికి రహస్యముగ లేఖ వ్రాసినపుడు ఉమరే యాతనిని కపటియని, తల తీయననుజ్ఞ వేడెను. ప్రవక్త యంగీకరింపలేదు, హాతిబు బద్రు యుద్ధమున పాల్గొన్నవాడని జ్ఞాపకము చేసెను. ఉమరు కన్నులు నీట నిండెను. ఆవేశముతో నన్న మాటకు ఉమరును ప్రవక్త నిందింపలేదు. కాని యా కన్నీరు, నింద మోపిన చోటనే, నింద విన్నవారి యెదుటనే కాఱినదని మఱవరాదు. సదుద్దేశము దేవుని యెదుట శిక్షను తగ్గించును గాక! నింద పడినవాని కొమార్తె పెండ్లి ఆగిపోయినచో, ఆ సదుద్దేశము వరుని తెచ్చి పీటలపై కూర్చుండబెట్టగలదా? ఉసామాయు సదుద్దేశముగలవాడే. అయినను తన పొరపాటును జీవితాంతము మఱవలేదు. తరువాత ముసల్మానులలో నంతఃకలహములు పుట్టినపుడు, అలీయందు తనకు ప్రేమయున్నదని చెప్పుచునే, ముసల్మానుపై కత్తియెత్తుటకు రానని యాయన దూరముగ నుండెను. తౌబా నడవడిలో కనబడుట యనగా నిది.

క్షమాపణకై పోయి చెప్పినచో మానిన గాయమును రేపినట్లగునని మూడవ కారణము. పరోక్షమున నొకని దూషించి, అది యతని చెవి పడనిచో, చెప్పి నొప్పించుటకంటె నతనికై ప్రార్థించి, చెడుగు చెప్పిన చోటనే మంచి చెప్పుట మేలని కొందఱు విద్వాంసులు చెప్పినమాట నిజమే. అది దయతో చెప్పిన మాట. తక్ఫీరున కది వర్తింపదు. కాఫిరని ముద్రపడిన సంగతి యూరంతటికిని తెలియును. వానికి ముందే తెలియును. తెలియని గాయమును రేపరాదన్న విధి, అందఱు చూచుచుండగా రక్తము కాఱుచున్న గాయమును కట్టరాదనుట కెట్లు పనికివచ్చును? ఒకవేళ నతడు మరణించియుండెనా, అతని బిడ్డలున్నారు, అతని పేరున్నది, నింద విన్నవారున్నారు. వారి యెదుట చెప్పవలెను.

మన దేశముననే చూతము. సర్ సయ్యద్ అహమ్మద్ ఖాను ఇంగ్లీషు విద్యను, క్రొత్త వ్యాఖ్యానమును బోధించెనని యాయనను కాఫిరనుచు ఫత్వాలు వెలువడినవి. మక్కానుండి సయితము తెప్పించిరి. ఆయన 1875లో అలీగఢున పాఠశాలను స్థాపించి, 1898లో కీర్తిశేషుడయ్యెను. ఆ విద్యాలయము 1920లో విశ్వవిద్యాలయమైనది. కాలము న్యాయము చేసినదిగదా, ఇక నెవరో క్షమాపణ చెప్పనేల యని యందురు. కాలము చేయు న్యాయము వేఱు. నిందించినవాడు తీర్పవలసిన ఋణము వేఱు. అంతటి మనుష్యునకు విశ్వవిద్యాలయము సాక్ష్యము చెప్పినది. పల్లెలో మసీదు మెట్లమీద కాఫిరనిపించుకొన్న చిన్న గుమాస్తాకు కాల మేమి సాక్ష్యము చెప్పును?

ఇంతవఱకు తౌబాను తేలిక చేయువారిని గూర్చి చెప్పితిమి. దానిని దుర్లభము చేయువారిని గూర్చియు చెప్పవలసియున్నది. నింద తిరిగివచ్చునన్న హదీసును పట్టుకొని, తోడివానిని కాఫిరన్నవాడే కాఫిరయ్యెనని తిరుగుబాణము వేయువారు గలరు. ఇట్లు వేసిన బాణమునకు మఱియొక బాణము తగులుచుండిన కడకు విశ్వాసి యనువాడు మిగులునా? ఆ హదీసు పాపతీవ్రతను తెలుపు హెచ్చరికయే గాని, పొరపడినవాని మతమునుండి వెళ్లగొట్టు తీర్పు గాదని విద్వాంసులలో పెక్కురు చెప్పిరి. అలీ నడవడి యిందుకు తార్కాణము. 657లో సిఫ్ఫీను యుద్ధము వెనుక మధ్యవర్తుల తీర్పున కొప్పుకొన్నాడని అలీనే కాఫిరని ఖారిజీలు విడిపోయిరి. వారు కత్తియెత్తనంతవఱకు వారిని మసీదుల కడ్డగింపననియు, యుద్ధలాభములో వారి భాగమును తీసివేయననియు ఆయన చెప్పెను. ఇబ్న్ అబ్బాసును పంపి వాదము చేయించెను. వేలకొలది జనులు తమ శిబిరము వారు చూచుచుండగనే లేచి తిరిగివచ్చిరి. వారిని మరల మతములో చేర్చు తంతు నడుపలేదు, వచ్చినవారు సోదరులైరి. మిగిలినవారితో 658లో నహ్రవానున యుద్ధము తప్పలేదు. 661లో వారిలో నొకడే అలీని కూఫా మసీదులో కత్తితో కొట్టి చంపెను. తన్ను కాఫిరన్నవారిని కాఫిరులనని యాయన యౌదార్య మింత మూల్యమునకును మాఱలేదు.

ఈ రెండు తప్పుల నడుమ మార్గము కలదని మనకాలపు ఈజిప్టు చరిత్ర చూపుచున్నది. అక్కడ చెఱసాలలలోని యువకులు లోకమెల్ల కాఫిరైనదని తీర్మానించుచుండగా, ముస్లిం బ్రదర్‌హుడ్ నాయకుడు హసన్ హుదైబీ పేరిట, మనము ప్రబోధకులమే గాని న్యాయాధిపతులము గామను నర్థముగల గ్రంథము వెలువడినది. ఆ గ్రంథ మచ్చుపడిన 1977లోనే, షుక్రీ ముస్తఫా యనువాని తక్ఫీరు దళము, మాజీ మంత్రియు విద్వాంసుడునైన ముహమ్మద్ దహబీని యెత్తుకొనిపోయి చంపెను. 1981లో అధ్యక్షుడు సాదాతు హత్యలో పాలుపంచుకొన్న గమాఆ ఇస్లామియ్యా నాయకులు, చెఱలోనుండి 1997 జూలైలో ఆయుధములు విడుతుమనిరి. ఆ నవంబరులోనే వారి మనుష్యులు లక్సరున 62 మందిని చంపిరి. అయినను నాయకులు వెనుదీయక, 2002లో తమ పాత వాదములను ఖండించుచు గ్రంథములు ప్రకటించిరి; వానిలో తక్ఫీరు దోషమును గూర్చిన దొకటి. 2003లో వారి నాయకుడు కరం జుహ్దీ, తాము చంపించిన సాదాతు షహీదని పత్రికాముఖమున చెప్పెను.

చెఱనుండి బయటపడుటకై యాడిన నాటకమని కొందఱనిరి. వారికి మే మడుగు ప్రశ్న ఉసామాను ప్రవక్త యడిగినదే: వారి హృదయములను చీల్చి చూచితిరా? విశ్వాసము చెప్పినవాని మాటను నమ్మవలెనన్న విధి, తప్పొప్పుకొన్నవాని మాటకును చెల్లవలెను. అయినను ఆ గ్రంథములతో ఋణమంతయు తీఱెనని మేము చెప్పము. వెల్లడించుట యొక భాగము. చక్కబఱచుట మఱియొక భాగము. భర్తను పోగొట్టుకొన్న స్త్రీకి గ్రంథపు పుటలు తిండి పెట్టవు. చచ్చినవానిని తేలేరు, చావనివాని పరువును మాత్రము తేగలరు. కావుననే మాట మాటగ నున్నప్పుడే, కత్తి కాకమునుపే, దానిని వెనుకకు తీసికొనవలెనని మా మొఱ.

కాఫిరని యన్నవాడా, నీ కొక మార్గము తెఱచియున్నది. నీవు మతమునుండి జాఱిపోలేదు. మరల కలిమా చదువుమని నిన్నెవరు నడుగుట లేదు. శుక్రవారపు నమాజు తరువాత నే జనసమూహములో నా మాట యంటివో, ఆ సమూహములోనే లేచి నిలిచి, "ఫలానివానిని గూర్చి నేనన్నది తప్పు" అని చెప్పుము. పత్రికలో వ్రాసియుంటివేని పత్రికలో వ్రాయుము. నీ మాట నమ్మి వాని కొట్టులో సరకు కొననివారు మరల కొనునట్లును, వాని యింటి పిల్లను వలదన్నవారు మరల వచ్చునట్లును పాటుపడుము. తరువాత గదిలోనికి పోయి యేడ్వుము. అప్పు డా కన్నీటికి విలువ గలదు.

చదువరులారా, ఇది పొరుగింటి మాటయని పుస్తకము మూయవలదు. మన వీథులలో నేడును కులాంతర వివాహము చేసికొన్న బిడ్డను, విడాకులు పొందిన కోడలిని, పండుగ పిలుపులలో మఱచినట్లు నటించి వెలివేయు గృహములున్నవి. కొన్నాళ్లకు మనసు కరగి లోలోపల బాధపడు పెద్దలను మే మెఱుగుదుము. వా రా బాధను పూజగదిలో దేవునికి చెప్పుకొందురు. ఆ బిడ్డకు మాత్రము చెప్పరు. దేవునికది ముందే తెలియును. తెలియవలసినది ఆ బిడ్డకు.